కమ్యూనిటీ కాలేజ్‌లో క్రిమినల్ జస్టిస్, ఎవరైనా చేశారా?

ప్రశ్న:
మా అక్క కొడుకు అమెరికాలోనే పుట్టాడు, ఈ ఏడాది హైస్కూల్ అయిపోతుంది, కమ్యూనిటీ కాలేజ్‌లో (రెండేళ్ల డిగ్రీ ఇచ్చే కాలేజ్) క్రిమినల్ జస్టిస్ (పోలీసులు, కోర్టులు, జైళ్ల గురించిన చదువు) చేసి ఎఫ్‌బీఐలోకి పోతా అంటున్నాడు. మా ఇంట్లోవాళ్లకేమో కంప్యూటర్స్ తప్ప ఇంకోటి ఎక్కదు. చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
నేను చేశానండి. 60 క్రెడిట్స్ దాకా ఉంటాయి, ఫుల్‌టైమ్ అయితే రెండేళ్లు. ఒక్కటి మాత్రం ముందే చూసుకోమనండి, ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) డిగ్రీ అంటే నేరుగా ఉద్యోగానికి పోయేవాళ్ల కోసం, తర్వాత యూనివర్సిటీకి మారితే క్రెడిట్స్ అన్నీ తీసుకోకపోవచ్చు, ఏఏ (అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్) గానీ ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) గానీ అయితే ట్రాన్స్‌ఫర్‌కి మేలు. నేను చూసుకోక నాలుగు కోర్సులు మళ్లీ ఫీజు కట్టి చదివా, ఇప్పటికీ ఒళ్లు మండుద్ది. క్లాసులు మాత్రం భలే ఉంటాయి, అరెస్టయినవాళ్లని ప్రశ్నించే ముందు వాళ్ల హక్కులు పోలీసులు చెప్పాలన్న 1966 నాటి మిరాండా కేసు మీదే వారమంతా కొట్టుకున్నాం.

రిప్లై 2:
ఎఫ్‌బీఐ ఏజెంట్ అవ్వాలంటే బ్యాచిలర్స్ డిగ్రీ (నాలుగేళ్లది) ఉండాల్సిందే, సిటిజన్‌షిప్ కూడా, పైగా 23 ఏళ్లు నిండాలి. రెండేళ్ల డిగ్రీతో ఆగితే కుదరదు. పోలీస్ అవ్వాలన్నా అకాడమీ ట్రైనింగ్ వేరే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఏఏఎస్ సంగతి అస్సలు తెలీదండి, వాడు అప్లై చేసింది అదే అనుకుంటా 😅 ఇప్పుడే ఫోన్ చేస్తా.