అప్‌డేట్: రాత్రిళ్ళు అమ్మ కాళ్ళ లాగుడు ఏమిటో తెలిసింది

పడుకోగానే అమ్మకి పిక్కల్లో పురుగులు పాకినట్టు ఉంటోందని, లేచి హాల్లో తిరిగితే తప్ప తగ్గట్లేదని, నిద్రమాత్ర ఇవ్వొచ్చా అని అడిగాను కదా. ముందు న్యూరాలజిస్టుకి చూపించమన్న వాళ్ళందరికీ థాంక్స్. చూపించాం.

రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అన్నారు. డాక్టరుగారు స్కాన్లేమీ రాయలేదు. అమ్మని కూర్చోబెట్టి అడిగారు: కాళ్ళు కదపకుండా ఉండలేకపోతున్నారా, ఊరికే కూర్చుంటే ఎక్కువవుతోందా, నడిస్తే తగ్గుతోందా, పొద్దుగూకాకే మొదలవుతోందా? అన్నిటికీ "అవును బాబూ" అంది. ఈ జబ్బుని ముఖ్యంగా ఈ లక్షణాలతోనే గుర్తుపడతారట.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) మాత్రం 22. ల్యాబ్ కాగితం ప్రకారం అది నార్మలే! కానీ ఈ జబ్బున్నవాళ్ళకి 75 లోపు ఉన్నా ఐరన్ ఇస్తారు, ఎందుకంటే మెదడుకి ఇనుము చాలకపోవడం దీనికి ఒక కారణం. మాత్రలు రాశారు. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి భోజనం అవగానే తాగొద్దన్నారు. అమ్మకి అదే కష్టంగా ఉంది.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి: జలుబుకి వాడే, మత్తు వచ్చే మాత్రలు కొన్ని ఈ లాగుడుని పెంచుతాయి. నిద్ర పడుతుంది కదా అని పెద్దవాళ్ళకి అవి ఇచ్చేయకండి, డాక్టర్ని అడగండి.

ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఐరన్ పనిచేయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందన్నారు. మూడు నెలలకి ఫెరిటిన్ మళ్ళీ చూస్తారు.