పెద్దల చిత్రాలలో మంత్రగత్తె వశీకరణ దృశ్యం: ఈ మూస ఎక్కడిది?

ప్రశ్న

అక్టోబర్ వచ్చిందంటే అమెరికాలో పెద్దల కోసం తీసే చిత్రాలలో ఒకే దృశ్యం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. రాలిన ఆకులు, గుమ్మడికాయ దీపాలు, నల్లటి కోసు టోపీ పెట్టుకున్న మంత్రగత్తె, ఆమె అందించిన పానీయం తాగి దాసోహమనే పురుషుడు. మంత్రగత్తెను మోహినిగా చూపే ఆనవాయితీ ఎక్కడ మొదలైంది, దానికీ శరదృతువుకూ సంబంధమేమిటి, ఈ మూసను దాటి ఆ దృశ్యాన్ని తీసినవారు ఎవరైనా ఉన్నారా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

ఆనవాయితీ సినిమా కంటే చాలా పాతదండీ. మంత్రవిద్యకు మూలం స్త్రీల తీరని కామమేనని హైన్రిష్ క్రామర్ అనే జర్మన్ మతాధికారి 1486 ప్రాంతంలో ఒక గ్రంథమే రాశాడు. ఇక 1692లో, మసాచుసెట్స్‌లోని సేలం మంత్రగత్తెల విచారణలలో అందరికంటే ముందు ఉరికంబమెక్కిన బ్రిడ్జెట్ బిషప్ మీద సాక్ష్యం చెప్పిన మగవారిలో కొందరు, ఆమె రాత్రివేళ తమ గదిలోకి వచ్చి గుండెల మీదో పొట్ట మీదో ఎక్కిందని ప్రమాణం చేసి మరీ చెప్పారు; ఒకాయన ఆమె తొడుక్కున్న ఎర్ర రవికను కూడా గుర్తుపెట్టుకున్నాడు. మగవాడికి వచ్చిన కలను ఆడదాని నేరంగా రాసుకోవడమన్న పద్ధతి అక్కడ కోర్టు కాగితాలకే ఎక్కింది. మీరు చెప్పిన దృశ్యంలో పానీయం చేసే పని కూడా అదే: కోరిక అతనిది, బాధ్యత ఆమెది.

శరదృతువు మాత్రం తర్వాత వచ్చి చేరింది. సేలంలో ఉరితీతలు జూన్ 10న మొదలై సెప్టెంబర్ 22తో ముగిశాయి, అంటే చాలావరకు వేసవిలోనే. అక్టోబర్ 31 నాటి హాలోవీన్‌ను ఐర్లండ్, స్కాట్లండ్ వలసదారులు అమెరికాకు తీసుకువెళ్ళారు. తమ దేశాలలో టర్నిప్ దుంపలను తొలిచి చేసుకునే దీపాలకు అమెరికాలో గుమ్మడికాయ దొరికింది. టోపీ, దీపం, పండుటాకులు ఒక్క చోటికి చేరింది ఆ పండుగ వల్లనే.

జవాబు 2

మూసను దాటిన ప్రయత్నం అడిగారు కనుక, అనా బిల్లర్ 2016లో తీసిన ‘ది లవ్ విచ్’ చూడండి. అది శరత్కాలపు కథా కాదు, నీలిచిత్రమూ కాదు, కానీ మీరు చెప్పిన దృశ్యాన్ని దారం దారంగా విప్పి చూపిస్తుంది. బిల్లర్ రచన, దర్శకత్వం, కూర్పుతో పాటు సెట్లు, దుస్తుల రూపకల్పన కూడా తానే చేసుకుని, 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద, 1960ల నాటి రంగుల తీరులో చిత్రీకరించారు.

అందులో ఇలేన్ అనే మంత్రగత్తె ఒక అధ్యాపకుడితో కలిసి అడవిలోని అతని ఇంటికి వెళుతుంది, తాను కలిపి తెచ్చిన మందు తాగిస్తుంది, కోటు విప్పి దాని లోపలి ఇంద్రధనుస్సు రంగుల లైనింగ్‌ను అతని కళ్ళ ముందు ఆడిస్తుంది. అంతవరకు మామూలు వశీకరణే. ఆ తర్వాత అతను మంచం పట్టి, ఆమె కావాలని పసిపిల్లాడిలా ఏడవడం మొదలుపెడతాడు. ఆమె ముఖంలో విసుగు తప్ప మరేమీ కనిపించదు. నా దృష్టిలో ఆ సన్నివేశపు బలమంతా ఆ విసుగులోనే ఉంది. మూస దృశ్యం ఆమె శరీరం దగ్గర ఆగిపోతే, బిల్లర్ కెమెరా ఆమె ఏమి ఆశించి భంగపడిందో చూసేదాకా కదలదు.

జవాబు 3

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను గానీ, ఒక మాట దాటిపోయింది. తెలియకుండా మందు తాగించడమంటే సమ్మతి లేదని అర్థం, దాన్ని మంత్రమని పిలిచినా సరే. కథలో పాత్ర సమ్మతి ఎలా ఉన్నా, నటుల సమ్మతి విషయంలో సందిగ్ధం ఉండకూడదు. అశ్లీల చిత్రపరిశ్రమ పుట్టుక మీద హెచ్‌బీఓ తీసిన ‘ది డ్యూస్’ ధారావాహిక కోసం, అందులో నటించిన ఎమిలీ మీడ్ అడిగిన మీదట, 2018 నాటి రెండవ సీజన్‌లో అలీసియా రోడిస్‌ను ఇంటిమసీ కోఆర్డినేటర్‌గా నియమించారు. ఎవరి చేయి ఎక్కడిదాకా వెళ్ళవచ్చు, ఏ దుస్తు ఎప్పుడు తీయాలి అన్నది నటులతో ముందే మాట్లాడి ఖరారు చేయడం ఆ ఉద్యోగం. మీరు సమీక్ష రాసేటట్లయితే, కొవ్వొత్తుల వెలుగు బాగుందా లేదా అన్నదానికంటే ముందు ఈ సంగతి విచారించండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. విసుగు గురించి చెప్పిన మాట పట్టుకుని ‘ది లవ్ విచ్’ చూస్తాను. సేలం సాక్ష్యాలను చదివిన తర్వాత మరో ప్రశ్నతో వస్తాను, ఎందుకంటే ఆ మగవారిలో ఎవరికైనా బ్రిడ్జెట్ బిషప్‌తో పాత తగాదా ఉందా అన్నది ఇప్పుడు నన్ను తొలుస్తోంది.