కబడ్డీ కుర్రాడి మోకాలి స్కాన్ ఫ్లెక్సీ మీద వేయొచ్చా?

పీఈటీ మాస్టారు, ఒంగోలు
సింగరాయకొండ దగ్గర సంక్రాంతి కబడ్డీ పోటీల్లో ఒక కోచింగ్ అకాడమీ వాళ్లు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒకవైపు చొక్కా లేకుండా తొడ కొడుతున్న రైడర్ ఫోటో, పక్కనే అతని మోకాలి ఎంఆర్ఐ, కింద ఒంట్లో కొవ్వు శాతం. "మా శిక్షణలో తయారైన శరీరం" అట. పిల్లలు గుంపుగా చేరి నోరెళ్లబెట్టి చూస్తున్నారు. నాకైతే మనసొప్పలేదు. దాని ఫోటో ఇక్కడ పెట్టాను. మీరేమంటారు?

కెమెరా బాషా, నెల్లూరు
తప్పేముంది సార్? మనిషి పరుగును వరసగా ఫోటోలు తీసి మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ 1887లోనే అచ్చేయించాడు. అడుగు ఎక్కడ నేలను వదులుతుందో మామూలు కంటికి దొరకదు మరి. టెన్నిస్ ఆడిన రాడ్ లేవర్ ఎడమ ముంజేయి ఫోటో చూడండి, రెండు చేతులూ ఒక మనిషివేనా అనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఆడితే ఒళ్లు ఎలా మారుతుందో పిల్లలకు చెబితే ఎక్కదు, చూపించాలి. (పక్క నుంచి లైటు కొట్టి, కాస్త నూనె రాసి, నాలుగు దండీలు తీయించాక తీస్తే ఎవరి కండైనా తేలుతుందనుకోండి. అది మా పని.)

స్కానింగ్ టెక్నీషియన్, నెల్లూరు
బాషా భాయ్, ఫోటో చూసి జనం మెచ్చుకుంటారు. స్కాన్ చూసి తీర్పు చెప్పేస్తారు. చిక్కంతా అక్కడే.

స్కాన్‌లో కనిపించేది గొప్ప విషయమే, కాదనను. టెన్నిస్ వాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుంది. చిన్నప్పుడే ఆట మొదలుపెట్టిన వాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ. స్కీయింగ్ చేసేవాళ్ల గుండె పెద్దదవుతుందని స్వీడన్ డాక్టర్ హెన్షెన్ 1899లో ఛాతీ మీద వేళ్లతో తట్టి పసిగట్టాడు. ఇప్పుడు ఎకోలో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) గుండెలోని ఒక్కో గదినీ కొలుస్తున్నారు.

కానీ ఏ నొప్పీ లేని మనిషిని తెచ్చి ఎంఆర్ఐలో పడుకోబెట్టినా డిస్క్ కొంచెం ఉబ్బిందనో, మోకాలి గుజ్జు అరిగిందనో ఏదో ఒకటి కనిపించడం మామూలే. డాక్టరైతే ఆ కాలు వంచి చూసి, నొప్పెక్కడో అడిగి, అప్పుడు ఫిల్ము చూస్తారు. ఫ్లెక్సీ ముందు నిలబడిన అవతలి జట్టు డిఫెండర్ ఏం చూస్తాడు? ఏ మోకాలు పట్టాలో చూస్తాడు.

కావలి పేసర్
అన్న చెప్పింది నేను పడ్డాను. నడుం ఎడమవైపు నొప్పంటే స్కాన్ తీయించారు. కుడిచేతి పేసర్లకు స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే పగులు) ఎక్కువగా ఆ వైపే వస్తుందట. రిపోర్టు మా ఇంటికి రాకముందే వాట్సాప్ గ్రూపులో తిరిగింది. నయమయ్యాక సెలక్షన్‌కు వెళితే "ఆ నడుం అబ్బాయివి కదా" అన్నారు, చేతికి బంతే ఇవ్వలేదు. బుమ్రాకు 2019లో నడుంలో స్ట్రెస్ ఫ్రాక్చర్, 2023లో ఆపరేషన్. 2024 టీ20 ప్రపంచకప్‌లో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ ఎవరు? అదే నడుం!

గిత్తల రైతు
ఏంది సామీ ఈ గోల? బండలాగుడు పందెంలో గిత్త నోరు తెరిచి పళ్లు చూసే రెండు పళ్లా, నాలుగు పళ్లా అని విభాగం కడతాం. లేకపోతే ముదురు గిత్తను తెచ్చి దూడల మీదకు వదుల్తారు. కుర్రాళ్ల వయసు దొంగలెక్కలకు మాత్రం స్కాన్ ఉండాల్సిందే.

స్కానింగ్ టెక్నీషియన్, నెల్లూరు
పెద్దాయనా, అది వేరే సంగతి. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో ఫిఫా మణికట్టు ఎంఆర్ఐ పెట్టింది. ముంజేతి ఎముక చివర పెరిగే చోట ఒక గీత ఉంటుంది. అది పూర్తిగా అతుక్కుపోతే పదిహేడు దాటిందనే లెక్క. ఎక్స్‌రే అయితే రేడియేషన్, అందుకని ఎంఆర్ఐ. అయినా ఆ ఫిల్ములు స్టేడియం గేటుకు కట్టలేదు కదా.

ఒక అథ్లెట్ తల్లి, ఒంగోలు
ఫ్లెక్సీ మీద ఆడపిల్ల ఉంటే ఏమంటారు? 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో రజతం గెలిచిన శాంతి సౌందరరాజన్‌కు ఆడపిల్లేనా అని చేసిన వైద్య పరీక్ష సంగతి దేశమంతా టీవీల్లో చూసింది. పతకం పోయింది, దాంతోపాటు పరువూ తీశారు. మా పాపను రన్నింగ్‌కు పంపేటప్పుడు నాకుండే టెన్షన్ అదే, ఓడిపోతుందని కాదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. అకాడమీలో చేరేటప్పుడు ఆ పేరుతో మా చేత సంతకం పెట్టించుకునే కాగితం ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో తెలుసా?

కెమెరా బాషా, నెల్లూరు
అమ్మా, ఆడపిల్లల విషయంలో మీ మాటే నా మాట. కానీ క్రికెట్ బోర్డే 2023 జనవరిలో యోయో టెస్టుతో (పరిగెత్తించి దమ్ము చూసే పరీక్ష) పాటు డెక్సా స్కాన్ కూడా ఎంపికకు ప్రమాణమంది. కొవ్వెంత, కండెంత, ఎముకెంత అని అది విడివిడిగా చెప్పేస్తుంది. పెద్దవాళ్లు చేస్తే సైన్సు, పల్లెటూరి అకాడమీ చేస్తే తప్పా?

పీఈటీ మాస్టారు, ఒంగోలు
బోర్డు ఆ అంకెలు తన డాక్టర్ల కోసం, కోచ్‌ల కోసం తీయిస్తోంది బాషా. అడ్మిషన్ల కోసం కాదు. ముఖం, పేరు తీసేసి మోకాలి బొమ్మ ఒక్కటే పెట్టి, ఇదిగో ఈ లిగమెంట్, ఇది తెగితే ఇన్ని నెలలు ఆట బంద్ అని రాస్తే నేనే మా స్కూల్లో కట్టిస్తా.

కెమెరా బాషా, నెల్లూరు
ముఖం లేని మోకాలిని ఎవడు చూస్తాడు సార్!

స్కానింగ్ టెక్నీషియన్, నెల్లూరు
మాస్టారూ, మీరు పెట్టిన ఫ్లెక్సీ ఫోటో జూమ్ చేసి చూశాను. ఫిల్ము పై మూలలో పేరు, పుట్టిన తేదీ అలాగే వదిలేశారు.

కావలి పేసర్
ఆ పోటీలు అండర్-17 కదా? ఎంతన్నా వయసు?

స్కానింగ్ టెక్నీషియన్, నెల్లూరు
అది ఇక్కడ చెప్తే ఆ ఫ్లెక్సీ వేసినవాడికీ నాకూ తేడా ఏముంది తమ్ముడూ? మాస్టారూ, ముందు ఈ థ్రెడ్‌లోంచి ఆ ఫోటో తీసేయండి.

పీఈటీ మాస్టారు, ఒంగోలు
తీసేశాను. నిర్వాహకులకు ఫోన్ చేస్తే, ఫ్లెక్సీకి డబ్బులిచ్చింది అకాడమీ వాళ్లు, వాళ్లనే అడగమన్నారు. రేపు వెళ్తున్నాను. ఎవరైనా తోడొస్తారా?