అమ్మానాన్నలతో జూన్‌లో అమాల్ఫీ కోస్ట్, పొసిటానోలోనే ఉండాలా?

ఫ్రాంక్‌ఫర్ట్_పప్పన్నం:
అందరికీ నమస్తే. మేము ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం, అమ్మానాన్న మే చివర్లో ఇక్కడికి వస్తున్నారు, వీసాలు వచ్చేశాయి, జూన్ రెండో వారం ఇటలీ అనుకుంటున్నాం. రోమ్ ఎలాగూ ఉంది, ఆ తర్వాత మా ఆవిడకి అమాల్ఫీ కోస్ట్ కావాలి. అదే, కొండకి అతికించినట్టు రంగురంగుల ఇళ్లు, కింద నీలం సముద్రం, తెల్ల లినెన్ గౌను వేసుకుని రెయిలింగ్ దగ్గర నిలబడే ఫొటో, మీ ఫీడ్‌లో కూడా వచ్చే ఉంటుంది. పొసిటానోలో బాల్కనీ ఉన్న హోటల్ ఒకటి చూసిపెట్టింది కూడా, రేటు చూశాక నాకు నోట మాట రాలేదు. అసలు సమస్య డబ్బు కాదు (అంటే అది కూడా అనుకోండి), అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కుతుంది కానీ ఆ రాత్రంతా మూలుగుతుంది, నాన్న ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టరు. కారు రెంట్‌కి తీసుకుని నేనే డ్రైవ్ చేద్దామని నా ప్లాన్. కాప్రీ దీవికి కూడా వెళ్లాలా వదిలేయాలా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి, యూట్యూబ్‌లో అందరూ అద్భుతం అద్భుతం అంటారు తప్ప మెట్ల సంగతి ఎవరూ చెప్పట్లేదు.

సాలెర్నో_సీనియర్:
నేను మాస్టర్స్ చేసింది ఆ పక్కనే కాబట్టి చెప్తున్నా, ముందు కారు ఆలోచన మానేయండి బ్రో. ఆ కోస్ట్ మొత్తానికి ఉన్నది ఒకటే రోడ్డు, ఎస్‌ఎస్ 163, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, మలుపులో ఎదురుగా బస్సు వస్తే మీరు రివర్స్ చేసుకుంటూ వెనక్కి పోవాల్సిందే, వెనకాల ఇంకో ఇరవై కార్లు హారన్. పైగా 2022 నుంచి నంబర్ ప్లేట్ రూల్ పెట్టారు, సరి తేదీన కొన్ని, బేసి తేదీన కొన్ని, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా, ఆగస్టు అంతా రోజూ, జూన్ మధ్య నుంచి వీకెండ్స్‌లో. ఇవన్నీ దాటుకుని ఎలాగో పొసిటానో చేరినా పార్కింగ్ రేటు వింటే మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిపోదాం అంటారు.

నా మాట విని ఆ కోస్ట్‌కి ఒక చివర ఉన్న సాలెర్నోలో రూమ్ తీసుకోండి. రోమ్ నుంచి డైరెక్ట్ ఫాస్ట్ ట్రైన్, రెండు గంటల ప్రయాణం, ఫెర్రీ ఎక్కే చోటు స్టేషన్‌కి నడిచి వెళ్లే దూరమే. అక్కడి నుంచి ఫెర్రీలో అమాల్ఫీ ఊరికి 35 నిమిషాలు, పొసిటానోకి గంట పైన. అసలు ఆ ఊళ్ల అందం రోడ్డు మీద నుంచి కనపడదు, సముద్రంలోంచి చూడాలి. ఫెర్రీలో పై డెక్ మీద కుడి పక్క కూర్చోండి వెళ్లేటప్పుడు, కొండ అటే ఉంటుంది. అమ్మగారికి ఊళ్లలో మెట్లు ఎక్కే పని లేకుండా సగం కోస్ట్ అయిపోతుంది. సాలెర్నో మామూలు ఊరు, ఎవరూ ఫొటోలు పెట్టరు, కానీ సాయంత్రం సముద్రం ఒడ్డున చదునుగా పొడుగ్గా నడక దారి ఉంది, ఊరి ముసలాళ్లంతా ఐరన్ చేసిన చొక్కాలు వేసుకుని అక్కడే తిరుగుతుంటారు, మీ నాన్నగారికి బాగా నచ్చుతుంది చూడండి.

గాలి ఎక్కువ ఉన్న రోజు ఫెర్రీలు క్యాన్సిల్ చేస్తారు, ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి.

బీచ్‌రోడ్_పిల్ల:
సీనియర్ గారు చెప్పింది కరెక్ట్, దానికి ఇంకోటి కలుపుతా. పెద్దవాళ్లతో అయితే పొసిటానో కంటే రవెల్లో బాగుంటుందండి. అమాల్ఫీ నుంచి బస్సు ఎక్కితే అరగంట లోపే, సముద్రానికి 350 మీటర్ల పైన ఉంటుంది, కాబట్టి కాస్త గాలి ఆడుతుంది, ఊరి మధ్యలో చౌక్ చదునుగా ఉంటుంది, దాని పక్కనే విల్లా రూఫొలో తోట. 1880లో జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ ఆ తోట చూసి తన ఒపెరాలోని మాయావనం దొరికింది అనుకున్నాడట, ఇప్పుడు ప్రతి వేసవీ అక్కడే కొండ అంచు మీద స్టేజి కట్టి కచేరీలు పెడతారు. 1962లో అప్పటి అమెరికా ప్రెసిడెంట్ భార్య జాకీ కెనెడీ వేసవి గడిపింది కూడా ఈ రవెల్లోలోనే. అంటే స్టైల్ కావాలంటే మీ ఆవిడకి ఇక్కడ కావలసినంత ఉంది, పైగా తోసుకునే జనం లేకుండా.

మేము మా అత్తయ్యగారితో వెళ్లాం. ఆవిడ నేత చీర, కాళ్లకి స్పోర్ట్స్ షూ. పొసిటానోలో చెప్పులు అక్కడికక్కడే కుట్టి ఇచ్చే చిన్న కొట్టు ఉంటే లోపలికి వెళ్లాం, కాలు వాచి ఉంది కదా ఆవిడకి ఏ సైజూ పట్టదు. కొట్టతను బాగా పెద్దాయన, స్టూల్ మీద కూర్చుని ఆవిడ పాదం పట్టుకుని తన మోకాలి మీద పెట్టుకోబోతే అత్తయ్య గబుక్కున కాలు వెనక్కి లాగేసుకున్నారు, అంత పెద్దాయన నా కాళ్లు పట్టుకోవడమేంటే తల్లీ అని. ఆయనకి అర్థం కాలేదు, మళ్లీ పట్టుకున్నాడు, ఈవిడ మళ్లీ లాగారు. చివరికి నేను కింద కూర్చుని పాదం పట్టుకుంటే ఆయన పట్టీ కొలత చూసుకుని, తోలు కోసి, సుత్తితో టకటకా కొట్టి ఇచ్చేశాడు. ఆ చెప్పులు ఇంట్లో వేసుకుని తిరుగుతున్నారు ఇప్పటికీ, బయటికి వేస్తే అరిగిపోతాయని.

లినెన్ గౌను ఇంటి నుంచి తీసుకెళ్లకండి అని మీ ఆవిడకి చెప్పండి, పొసిటానోలో సందు సందుకీ అవే కొట్లు. రేట్లు మాత్రం అడక్కండి.

ఆవకాయ_ఎక్స్‌ప్రెస్:
నాన్నగారి తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, నేనూ గుడ్డు తినను. పిజ్జా మరినారా అడగండి, చీజ్ ఉండదు, టమాటా వెల్లుల్లి ఒరెగానో అంతే, ఆ పక్కనే నేపుల్స్ కాబట్టి ఎక్కడ తిన్నా బాగుంటుంది. స్పగెట్టీ లాంటి ఎండు పాస్తాలో మామూలుగా గుడ్డు ఉండదు, గోధుమ రవ్వా నీళ్లే. ఇంట్లో చేసిన ఫ్రెష్ పాస్తా అంటే మాత్రం జాగ్రత్త, ఆ కోస్ట్ స్పెషల్ షలతియెల్లీలో కూడా కొందరు గుడ్డు వేస్తారు. "సెంజా ఉవోవా" అనండి, గుడ్డు లేకుండా అని. నాన్నగారు మరీ స్ట్రిక్ట్ అయితే పర్మేజాన్ చీజ్ వద్దు, అందులో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వేస్తారు. ఇంకోటి, చెతారా అనే ఊళ్లో ఆంచోవీ చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం ఉంటుంది, కొలతూరా అంటారు, చూడ్డానికి నూనెలాగే ఉంటుంది, మెనూలో ఆ మాట కనిపిస్తే పేజీ తిప్పేయండి.

గుమ్మడికాయంత నిమ్మకాయలు అని ఫొటోల్లో చూసే ఉంటారు, రసానికి వాడే అసలు అమాల్ఫీ నిమ్మ అంత ఉండదు, కోలగా, తొక్క మందంగా ఉంటుంది. దాంతో చేసే గ్రనీతా ఐస్ అందరూ తినొచ్చు. అన్నట్టు బిల్లులో కొపెర్తో అని మనిషికి ఇంత అని వేస్తారు, అది టిప్పు కాదు, కూర్చున్నందుకు. గొడవ పడకండి.

సూటిగా_చెప్తా:
అందరు మంచిగనే చెప్పిండ్రు గాని వదిన సంగతి ఎవరు పట్టించుకోలే. అన్నా, పొసిటానోల పొద్దుగాల పది నుంచి సాయంత్రం దాకా డే ట్రిప్పోళ్లు, కాలు పెట్ట సందుండది, నువ్వు సాలెర్నో నుంచి వోతే గదే టైంల ఉంటవు. ఆఖరు ఫెర్రీలు వెళ్లిపోయినంక ఊరు ఖాళీ అయితది, లైట్లు వెలుగుతయి, వదిన అడుగుతున్న ఫొటో గప్పుడొస్తది. అమ్మానాన్నని సాలెర్నోల ఉంచి మీరిద్దరు ఒక్క రాత్రి పొసిటానోల ఉండుర్రి, వాళ్లకు గూడ జర రెస్ట్ దొరుకుతది. దేవతల దారి అని ఒక ట్రెక్కింగ్ బాట ఉంటది, బొమెరానో నుంచి నొచెల్లే దాకా, మీరిద్దరు పొద్దున్నే గది కొట్టేయుర్రి. నొచెల్లే నుంచి పొసిటానోకు దిగుడు 1,700 మెట్లు, అలిపిరిల సగం లెక్క, గని దిగేటప్పుడే మోకాళ్లు పడతయి, బస్సుంది, ఎక్కుర్రి.

కాప్రీ పోవాల్నంటే ఫస్ట్ ఫెర్రీకే. బ్లూ గ్రోటో అమ్మకు వద్దు, చిన్న పడవలకు దిగి వెల్లకిల పడుకుంటెనే గుహలకు పోనిస్తరు, గంత కష్టపడితే లోపల రెండు మూడు నిమిషాలు. రేవు నుంచి పైకి ఫ్యునిక్యులర్, అంటే తాడుతోని కొండెక్కే రైలుంది, మెట్ల బాధ లేదు. ఆ దీవిలనే ఉన్న ఇంకో ఊరు అనాకాప్రీల సోలారో కొండ మీదికి, 589 మీటర్లు, చెయిర్‌లిఫ్ట్ ఉంటది, మనిషికో కుర్చీ, అది ఆగది, నడుస్తుంటెనే కూసోవాలె. నాన్నకు ఓకే, అమ్మను అడుగు.

ఫ్రాంక్‌ఫర్ట్_పప్పన్నం:
అందరికీ చాలా థాంక్స్ అండి. మా ఆవిడకి చదివి వినిపించా, ఒక్క రాత్రి పొసిటానో అనగానే సూటిగా_చెప్తా గారికి భోజనానికి రమ్మని చెప్పమంది. కారు క్యాన్సిల్, సాలెర్నో ఫిక్స్, రవెల్లో ఒక పూట. కాప్రీకి నాన్న రెడీ, కుర్చీ సంగతి వినగానే అమ్మ కింద కాఫీ తాగుతూ కూర్చుంటా అంటోంది. ఒక్క డౌట్, అమాల్ఫీలో పెద్ద చర్చి చూడాలంటే డ్రెస్ రూల్ ఏమైనా ఉందా?

బీచ్‌రోడ్_పిల్ల:
ఉందండి, భుజాలు మోకాళ్లు కప్పుకోవాలి, అమ్మగారి చీరకి ఢోకా లేదు, మీ ఆవిడ గౌను మీదకి ఒక చున్నీ పెట్టుకోమనండి. ఆ చర్చికి ముందు 62 మెట్లు ఉన్నాయి, అమ్మగారిని కింద చౌక్‌లో ఫౌంటెన్ దగ్గర కూర్చోబెట్టొచ్చు, అక్కణ్ణించి ముందు గోడ మీద బంగారు రంగు మొజాయిక్ బాగానే కనిపిస్తుంది. మీకు కూడా ఒక మాట, సొరెంటో వైపు వెళ్తే షర్ట్ లేకుండా రోడ్డు మీద తిరగకండి, 2022లో మేయర్ ఆర్డర్ వేశాడు, 500 యూరోల దాకా ఫైన్.