అప్‌డేట్: ఆపేసిన అడ్వాన్స్ తిరిగొచ్చింది

ఇల్లు ఖాళీ చేశాక రంగులు, క్లీనింగ్ పేరు చెప్పి ఓనర్ అడ్వాన్స్ మొత్తం ఆపేశారు, ఏం చేయాలని అడిగాను కదా. ఒక్క కోత మినహా మిగతాదంతా అకౌంట్‌లో పడింది.

పనిచేసింది ఫోన్లు కాదు, కాగితం. అగ్రిమెంట్‌లో వాపసు గురించి ఉన్న క్లాజు, తాళాలు అప్పగించిన తేదీ, రావాల్సిన మొత్తం, ఇవ్వాల్సిన గడువు రాసి, ప్రతి కోతకూ విడిగా బిల్లు చూపమని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. "రిపేర్లు" అని ఒకే అంకె వేస్తే ఒప్పుకోకండి. ఏ గది, ఏ పని, ఎంత అన్నది రావాలి.

గోడల విషయంలో, ఇంట్లో చేరిన రోజు తీసిన ఫొటోలే ఆదుకున్నాయి. ఖాళీ చేసేటప్పుడూ అదే మూల నుంచి తీయాలి, అప్పుడే పోలిక తెలుస్తుంది. స్విచ్‌బోర్డు చుట్టూ చేతులు తగిలి మాసిన గోడ, ఎండకు వెలిసిన రంగు మామూలు వాడకంలో వచ్చేవే. డ్రిల్లింగ్ చేసిన చోట పెచ్చులూడటం మాత్రం నష్టమే, ఆ కోత న్యాయం. అదైనా ఆ గోడ వరకే, ఇల్లంతటికీ రంగులు వేయించడానికి కాదు.

తాళాలు ఇచ్చేటప్పుడు మీటర్ రీడింగ్ ఫొటో తీసుకోండి, తాళాలు అందినట్టు తేదీతో సంతకం పెట్టించుకోండి. అది లేకపోతే ఖాళీ చేసిన తేదీ దగ్గరే పేచీ మొదలై, అదనపు రోజుల అద్దె కూడా కోస్తారు.