రెండుసార్లు కోరినా యాడ్‌సెన్స్ పిన్ ఉత్తరం రాలేదు: చిరునామా ఎలా రాయాలి?

ప్రశ్న (రాజాం దగ్గరి ఒక పల్లె నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తవారి ఊళ్లో వండుకొనే చోడి (రాగి) అంబలి, పనసపొట్టు కూర, బెల్లం ఆవకాయ వంటి వాటి గురించి రెండేళ్లుగా తెలుగులో ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాను. నిరుడు దానికి గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు (వెబ్‌సైట్‌లో ప్రకటనలు చూపి, నడిపేవారికి అందులో వాటా ఇచ్చే గూగుల్ సేవ) మంజూరయ్యాయి. వంటల పేజీలకు చదువరులు అంతంతమాత్రమే గానీ, విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర అయిన సిరిమానోత్సవం మీద రాసిన ఒక్క పేజీకి దసరా తర్వాతి మంగళవారం ముందూ వెనుకా ఎక్కడెక్కడివారో రావడంతో ఖాతాలో పది డాలర్లు దాటాయి.

పది డాలర్లు దాటగానే చిరునామా నిర్ధారణ కోసం ఒక పిన్‌ను (ఇది రహస్య సంఖ్య, తపాలా పిన్‌కోడ్ కాదు) తపాలాలో పంపుతామని గూగుల్ వారు చెప్పారు. రెండు నెలలు దాటింది. మధ్యలో మరోసారి కూడా కోరాను. ఇంతవరకు ఉత్తరం చేరలేదు. నాలుగు నెలలలోపు ఆ సంఖ్య నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయట. మా రాజాం 2022లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది కాబట్టి, దరఖాస్తులో జిల్లా పేరు, పిన్‌కోడ్ రెండూ కొత్త జిల్లాకు తగినట్టే సరిచేసి ఇచ్చాను. పేరు మాత్రం ఆధార్‌లోనూ బ్యాంకు పాస్‌పుస్తకంలోనూ ఉన్నట్టే పుట్టింటి ఇంటిపేరుతో ఉంది.

విజయనగరంలోని మా అమ్మగారి చిరునామాతో ఇంకొక ఖాతా తెరవవచ్చునా? ఈలోగా ఆదాయం పెరగడానికి మా బంధువుల వాట్సాప్ గుంపులో లింకు పెట్టి, రోజుకొకసారి ప్రకటన నొక్కమని అందరికీ చెబుతానని మా మరిది అంటున్నాడు. అది సరైన పనేనా?

జవాబు (బొబ్బిలి నుంచి, తపాలా శాఖలో పదవీ విరమణ చేసిన సభ్యుడు)

అమ్మా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. జిల్లా మారింది గానీ పిన్‌కోడ్ మారలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి; కానీ ఆ రెండు చోట్లకూ నేటికీ 532తో మొదలయ్యే పాత పిన్‌కోడ్లే చెల్లుతున్నాయి. మీరు విజయనగరం కదా అని 535తో మొదలయ్యే సంఖ్య ఏదైనా ఇచ్చి ఉంటే, ఆ ఉత్తరం మీ ఊరి దారి పట్టనే లేదు.

పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెలలో మొదటి మూడూ ఉత్తరం ఏ సార్టింగు జిల్లాకు పోవాలో, చివరి మూడూ ఏ బట్వాడా కార్యాలయానికి చేరాలో చెబుతాయి. ఆ సార్టింగు జిల్లాకూ కలెక్టరుగారి జిల్లాకూ సంబంధం లేదు. సంచులు విడదీసేవారు వందల ఉత్తరాలను చూడవలసి ఉంటుంది కాబట్టి ముందు అంకెలనే చూస్తారు. జిల్లా పేరు చదివేది అంకెలు కనిపించనప్పుడే. అందుచేత జిల్లా పేరు పాతదే రాసినా పిన్‌కోడ్ సరిగా ఉంటే ఉత్తరం చేరుతుంది, జిల్లా పేరు కొత్తది రాసి పిన్‌కోడ్ తప్పితే మాత్రం ఊళ్లు తిరుగుతుంది. పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసుకు విడిగా పిన్‌కోడ్ ఉండదు. ఏ సబ్ పోస్టాఫీసు కింద ఉంటే దాని సంఖ్యే చెల్లుతుంది. మీ అత్తవారింటికి వచ్చిన పాత ఉత్తరం ఏదైనా తీసి, దానిమీదున్న సంఖ్యనే రాయండి.

ఇంకొక మాట. మా ఉద్యోగంలో ఇది వందసార్లు చూశాను. మీ ఉత్తరం పుట్టింటి ఇంటిపేరుతో వస్తోంది. అత్తవారి ఊళ్లో ఆ ఇంటిపేరు ఎవరికి తెలుస్తుంది? అక్కడ మీరు ఫలానావారి కోడలే. బట్వాడా చేసే మనిషి పేరు చదివి, మన ఊళ్లో ఈ ఇంటిపేరు వారు లేరే అని పక్కన పెట్టేయవచ్చు. కాబట్టి చిరునామా మొదటి వరుసలో మీ మామగారి పేరు రాసి ‘వారి ఇల్లు’ అని చేర్చండి, రెండో వరుసలో వీధి, రామమందిరం వంటి గుర్తు, తర్వాత ఊరు, బ్రాంచి పోస్టాఫీసు పేరు, ‘వయా రాజాం’, చివర పిన్‌కోడ్ రాయండి. ఇంగ్లీషు అక్షరాలలో రాసేటప్పుడు, ఊరి పేరును పోస్టాఫీసు ముద్రలో ఎలా ఉందో అలాగే రాయడం మంచిది.

వెళ్లి మీ బ్రాంచి పోస్టుమాస్టరుగారిని కలిసి, చేతివెడల్పున చిన్న కార్డులాంటి ఉత్తరం ఒకటి విదేశీ కంపెనీ పేరుతో వస్తుందని ముందే చెప్పి ఉంచండి. అది రిజిస్టరు పోస్టు కాదు, సంతకం ఉండదు, ఎక్కడుందో ఆన్‌లైన్‌లో చూసే వీలూ ఉండదు. చూడడానికి వ్యాపార ప్రకటన కాగితంలా ఉంటుంది కాబట్టి ఇంట్లో పిల్లలు చింపేయకుండా కూడా చూసుకోండి.

జవాబు (శ్రీకాకుళం నుంచి, తెలుగు వెబ్‌సైట్ నడుపుతున్న సభ్యుడు)

మాస్టారుగారు తపాలా సంగతి చెప్పారు గనుక నేను ఖాతా సంగతి చెబుతాను. మొదట, రెండో ఖాతా తెరవవద్దండి. ఒక వ్యక్తికి ఒకే యాడ్‌సెన్స్ ఖాతా అన్నది వారి నియమం. రెండోది కనిపిస్తే ఉన్నది కూడా పోవచ్చు. ఉన్న ఖాతాలోనే చెల్లింపుల విభాగంలోకి వెళ్లి, సెట్టింగులలో కనిపించే చెల్లింపుల ప్రొఫైల్‌లో చిరునామా పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కి మార్చండి. మార్చిన తర్వాతే కొత్త పిన్ కోరండి. చాలామంది పాత చిరునామా అలాగే ఉంచి మళ్లీ మళ్లీ కోరుతూ అవకాశాలు వృథా చేసుకుంటారు. ఈ కోరికలకు ఒక పరిమితి ఉంది, అన్నీ అయిపోతే గుర్తింపు పత్రంతో నిర్ధారించుకొనే దారి చూపుతారు. నాలుగు నెలలు దాటి ప్రకటనలు ఆగినా, పిన్ నమోదు చేశాక మళ్లీ మొదలవుతాయి. అప్పటిదాకా చేరిన సొమ్ము ఎక్కడికీ పోదు. ఆ భయం పెట్టుకోకండి.

ఇక మీ మరిదిగారి ఆలోచన. దయచేసి ఆయనను ఈ రోజే ఆపండి. నాకు తెలిసిన ఒకాయన, రెండు వేల రూపాయలు తీసుకొని నొక్కులు పెంచుతామన్నవారి మాట నమ్మి, మూడు వారాలలో ఖాతా పోగొట్టుకున్నాడు. జమ అయిన సొమ్మును ప్రకటనకర్తలకు తిరిగి ఇచ్చేశారు. బంధువులు అభిమానంతో నొక్కినా, మీరే మీ ఫోన్‌లో నొక్కినా, గూగుల్ యంత్రానికి ఒకటే. ఒకే ఊరు, అవే ఫోన్లు, రోజూ అదే వేళ అన్న లెక్క దానికి ఇట్టే దొరికిపోతుంది. పైగా 2024 నుంచి యాడ్‌సెన్స్‌లో చెల్లింపు ప్రకటన కనబడిన లెక్కనే ప్రధానంగా జరుగుతోంది గనుక, నొక్కించడంలో ప్రమాదమే తప్ప పెద్ద లాభమూ లేదు. బంధువులను చదవమనండి, నచ్చితే నలుగురికి పంపమనండి, అంతవరకే.

యాడ్‌సెన్స్‌కు తెలుగు అధికారికంగా వచ్చిందే 2018లో. నేటికీ తెలుగు పేజీకి వచ్చే రాబడి ఇంగ్లీషు పేజీ కంటే తక్కువేనని నా అనుభవం. సిరిమాను పేజీ ఏడాదికి నాలుగు రోజులే పండుతుంది. పనసపొట్టు కూర మాత్రం పనసకాయ దొరికినన్నాళ్లూ ఎవరో ఒకరు వెతుకుతూనే ఉంటారు. వంటలు మానకండి.

తిరుగు ప్రశ్న (రాజాం దగ్గరి పల్లె నుంచి)

మాస్టారూ, మీరన్నట్టే నేను 535తో మొదలయ్యే సంఖ్యే ఇచ్చాను. ఈ ఉదయం మార్చి, కొత్త పిన్ కోరాను. ఇంకొక సందేహం. బ్యాంకు వివరాల పేజీలో స్విఫ్ట్ కోడ్ అడుగుతోంది. మా పాస్‌పుస్తకం మీద ఐఎఫ్ఎస్‌సీ మాత్రమే ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు (శ్రీకాకుళం నుంచి)

కావండి. ఐఎఫ్ఎస్‌సీ మన దేశంలోపలి బదిలీలకు. పదకొండు అక్షరాలుంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నాయే. విదేశం నుంచి డబ్బు రావడానికి కావలసినది స్విఫ్ట్ కోడ్. అందులో ఎనిమిదో పదకొండో అక్షరాలుంటాయి, ఐదు, ఆరు స్థానాలలో మన దేశానికి గుర్తుగా ఐ, ఎన్ అని ఉంటుంది. చిన్న శాఖలకు సాధారణంగా సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు, అదే బ్యాంకు వారి పెద్ద శాఖ కోడ్ వాడమంటారు. అది ఏ శాఖదో మీ మేనేజరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. నెట్‌లో ఏదో జాబితా చూసి వేయకండి. పాస్‌పుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే పూర్తిగా, పొడి అక్షరంగా ఉంటే పొడి అక్షరంగానే, ఉన్నది ఉన్నట్టు రాయాలి. తొందరేమీ లేదు. వంద డాలర్లు నిండిన నెలకు తర్వాతి నెలలో, 21కీ 26కీ మధ్య పంపుతారు. అంతవరకు నెలనెలా ముందుకు జమ అవుతూ ఉంటుంది.

తాజా సమాచారం (రాజాం దగ్గరి పల్లె నుంచి)

చిరునామా మార్చిన ఇరవై రెండో రోజున ఉత్తరం వచ్చింది. మా పోస్టుమాస్టరుగారు మామగారిని పొలం దారిలో చూసి, ‘మీ కోడలికి అమెరికా చీటీ’ అని చేతికిచ్చారట. అంచులు చింపితే లోపల ఆరంకెలు ఉన్నాయి. నమోదు చేయగానే చిరునామా నిర్ధారణ అయినట్టు చూపింది. స్విఫ్ట్ కోడ్ కోసం సోమవారం బ్యాంకుకు వెళ్తున్నాను.