మోకాళ్ళ గుజ్జుకి గ్లూకోసమైన్ మాత్రలు నిజంగా పనిచేస్తాయా?

తణుకు అమ్మాయి:
అమ్మకి 63. రెండు మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదట. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసిన మాత్రలు రాశారు. పక్కింటి పిన్నిగారు కొలాజెన్ పౌడర్ తెప్పించమంటున్నారు, బాబాయేమో పసుపు క్యాప్సూల్స్ అంటున్నాడు. పెన్షన్‌లో చాలా భాగం వీటికే పోతోంది. గుజ్జు మళ్ళీ పెరుగుతుందన్న ఆశతో అమ్మ ఒక్క పూట కూడా మానదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గుండె వాల్వ్ మార్చినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర కూడా వేసుకుంటోంది, ఏమైనా ఇబ్బందా?

ఫిజియో, హన్మకొండ:
ముందు వార్ఫరిన్ సంగతి చూడండమ్మా. దానికి గ్లూకోసమైన్ తోడైతే కొందరిలో రక్తం మరీ పలచబడుతుంది, పసుపు క్యాప్సూల్స్‌తో కూడా అంతే. వార్ఫరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టరుకి ఈ మాత్రలన్నీ చూపించి, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించండి.

ఇక గుజ్జు. అరిగిన గుజ్జుని తిరిగి పెంచుతుందని గట్టిగా రుజువైన మాత్ర ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. అమెరికాలో 1,583 మంది మోకాలి నొప్పి రోగుల మీద చేసిన గెయిట్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి, అందులో మొత్తం మీద ఈ రెండు మందులకీ, మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2019లో అక్కడి కీళ్ళ వైద్యుల సంఘం మోకాళ్ళకి గ్లూకోసమైన్ వద్దనే చెప్పింది.

మల్లెతీగ:
మా అత్తయ్యకి అవే మాత్రలతో నొప్పి బాగా తగ్గిందండి, మెట్లు కూడా ఎక్కుతున్నారు. ఊరికే అందరూ రాస్తారా?

ఫిజియో, హన్మకొండ:
తగ్గడం అబద్ధమని నేననను. కానీ అదే పరీక్షలో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో కూడా నూటికి 60 మందికి నొప్పి తగ్గింది. మోకాలి నొప్పి కొన్నాళ్ళు ఎక్కువై దానంతటదే తగ్గుతుంటుంది, ఆ తగ్గే రోజుల్లో ఏది మింగితే దానికే పేరొస్తుంది.

బాపట్ల శ్రీను:
అక్కా, స్ట్రిప్ వెనక సన్నక్షరాలు చదవండి. చాలావాటిలో డయాసెరిన్ అనే ఇంకో కీళ్ళ మందు కూడా కలుపుతారు, దానివల్ల విరేచనాలవుతాయి, పెద్దవాళ్ళు నీరసించిపోతారు. ఇంకొకటి, గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుంచే తీస్తారు, అవి పడనివాళ్ళు జాగ్రత్త. పొద్దున్నే వేళ్ళు గంటకి పైగా బిగుసుకుపోయి వాస్తుంటే అది అరుగుదల కాకుండా కీళ్ళవాతం కావచ్చు, దాని వైద్యమే వేరు, ఆలస్యం చేస్తే కీళ్ళు పాడైపోతాయి.

తణుకు అమ్మాయి:
వేళ్ళు బాగానే ఉన్నాయి తమ్ముడూ. స్ట్రిప్ మీద డయాసెరిన్ 50 అని ఉంది! వారం నుంచి అమ్మకి కడుపు బాగోలేదు, బయటి తిండి వల్ల అనుకున్నాం. రేపే తీసుకెళ్తాను. మాత్రలు ఆపమంటే మరి ఏం చేయాలి?

ఫిజియో, హన్మకొండ:
కుర్చీలో కూర్చోబెట్టి ఒక కాలు నిటారుగా చాచి, తొడ బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి మెల్లగా దించమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, రెండు పూటలా. తొడ కండ బలపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. బరువు ఎక్కువుంటే తగ్గించాలి, ఒక్క కిలో తగ్గినా నడకలో అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. వార్ఫరిన్ వాడుతున్నారు కాబట్టి మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు మాత్రం తేవద్దు, కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదముంది.